మంచితనం గురించి నా దగ్గరికొచ్చే అపోహలు

తిరుపతిలో కౌన్సెలింగ్ చేస్తుంటాను. ‘మంచికి పోతే చెడు ఎదురైంది మేడమ్’ అన్న మాట నా గదిలో వినపడని వారం ఉండదు. సాయం చేస్తే చేసినవాళ్ల మనసుకూ మేలు జరుగుతుందన్నది నిజం. అయితే అది ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరగదు అన్న దగ్గరే చాలామంది తికమకపడుతున్నారు.

అపోహ: అడక్కుండా సాయం చేస్తే ఏమనుకుంటారో!

అలిపిరి నుంచి కొండెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర ఈ అపోహను కళ్లారా చూశాను. ఒక అవ్వ సంచీ పక్కన పెట్టి ఆయాసపడుతోంది. వెనకాల వచ్చిన కాలేజీ పిల్ల ఆమెను దాటి రెండు మెట్లెక్కింది, ఆగింది, వెనక్కి చూసింది. అడగాలనుంది, నోరు పెగల్లేదు. చివరికి ‘అవ్వా, సంచీ ఇట్లియ్యి, నేను తెస్తా’ అంది. అవ్వ సంచీ ఇవ్వలేదు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేచి, ‘సంచీ ఏం బరువు లేదు తల్లీ, మాట్లాడతా రా నాతో’ అంది.

అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2022లో ప్రచురించిన పరిశోధనలో తేలిందీ ఇదే. చికాగోలో ఐస్ స్కేటింగుకు వచ్చినవాళ్లకు వేడి చాక్లెట్ ఇచ్చి, నచ్చినవాళ్లకు ఇమ్మన్నారు. ఇచ్చినవాళ్లు ఊహించినదానికంటే పుచ్చుకున్నవాళ్లు ఎక్కువ సంతోషపడ్డారు. ఇచ్చేవాళ్లు వస్తువు విలువ లెక్కేస్తారు. పుచ్చుకునేవాళ్లకు తగిలేది అందులోని ఆప్యాయత.

అపోహ: చేతిలో డబ్బుంటేనే సాయం.

ఎలిజబెత్ డన్ బృందం 2008లో ‘సైన్స్’ పత్రికలో ఒక చిన్న ప్రయోగం ప్రచురించింది. పొద్దున కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 ఇచ్చి సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. తమకోసం వాడుకున్నవాళ్లకంటే ఇంకొకరికోసం పెట్టినవాళ్లే సంతోషంగా ఉన్నారు. మొత్తం 5 అయినా 20 అయినా తేడా రాలేదు.

అపోహ: పట్టించుకోకుండా పోయినవాడు రాతిగుండెవాడు.

తొందరలో ఉండొచ్చు. 1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వవేత్తలు క్రైస్తవ మతశాస్త్ర విద్యార్థుల దారిలో బాధతో మూలుగుతున్నట్టు నటించే మనిషిని ఉంచి చూశారు. తీరిగ్గా వెళ్తున్నవాళ్లలో 63 శాతం మంది ఆగారు, ఆలస్యమైందని పరుగెత్తినవాళ్లలో 10 శాతమే. దర్శనం టైము దాటిపోతోందని ఉరికే మనిషిని నేనిప్పుడు తొందరపడి తిట్టుకోను.

అపోహ: సేవ చేస్తే ఎంత దిగులైనా పోతుంది.

పోదు. నిద్ర, ఆకలి దెబ్బతిని రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే వైద్యం కావాలి. తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ (మానసిక వైద్య) విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: మంచివాళ్లు ‘నావల్ల కాదు’ అనకూడదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. వివరాలు మార్చి ఒక ఇల్లాలి సంగతి చెప్తాను. అత్తకు పక్షవాతం. ‘నాలుగేండ్లుగా అన్నీ నేనే చేస్తా ఉండా మేడమ్. పుణ్యమంటారందరూ. నాకేమో అన్నం పెట్టేటప్పుడు కూడా కోపమే వస్తా ఉంది. నేను చెడ్డదాన్నా?’ అని అడిగింది. అడిగేటప్పుడు చీర కొంగు వేలికి చుట్టి విప్పుతూనే ఉంది.

ఆమె చెడ్డది కాదు, అలిసిపోయింది. ఇష్టంతో చేసిన సాయం చేసినవాళ్లకూ పొందినవాళ్లకూ మేలు చేస్తుందనీ, ఒత్తిడికి లొంగి చేసినదాంట్లో ఆ మేలు ఉండదనీ వైన్‌స్టైన్, రయాన్ అనే పరిశోధకులు 2010లో చూపించారు. ఆమెకు అత్త మీద ప్రేమ లేక కాదు, కాదనే వీలు ఒక్క పూటైనా లేక వచ్చిన కోపమది. అందుకే నేను ఆమెకు ఓపిక గురించి చెప్పలేదు. ఇంట్లోవాళ్లను పిలిపించి మాట్లాడాను. ఇప్పుడు చిత్తూరు నుంచి ఆడబిడ్డ శని, ఆదివారాలు వచ్చి ఉంటోంది.

నెల తర్వాత మళ్లీ వచ్చింది. ‘మొన్న అత్తకు తల దువ్వుతా ఉంటే, చిన్నప్పుడు నాకెవురూ ఇట్ల దువ్వలేదు అనింది మేడమ్. దువ్వెన పక్కన పెట్టి చానాసేపు ఆమె కతలే వింటా కూచున్నా’ అంది.