పాలపన్ను పహాణీ

“లారీ డ్రైవర్లకు యూనియన్ ఉందంటే అర్థముంది. సైంటిస్టులకు సంఘమేంటండీ? పైగా శాంతి, యుద్ధం అంటూ తీర్మానాలెందుకు? ల్యాబ్‌లో పని చూసుకోక!” హనుమకొండ నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఊడిపోయిన ఒక పన్ను సంగతి చెప్పాలి.

పిల్లలకు పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటిమీదికి విసిరెయ్యడం మన ఊళ్లల్లో అలవాటు. అట్లా చేస్తే కొత్త పన్ను తొందరగా వస్తుందని నమ్మకం. కొత్త పన్ను ఎటూ వస్తుంది, చిగురు కింద అది ఎప్పటినుంచో తయారవుతూనే ఉంది. కాబట్టి ఈ నమ్మకం ఎన్నడూ ఓడిపోదు! నష్టమల్లా ఒకటే. పెంకుల మీద పడ్డది చెత్త కాదు, రికార్డు.

ఎట్లాంటి రికార్డంటే పహాణీ లాంటిది. ఏ సర్వే నంబరులో, ఏ ఏడు, ఎవరు సాగు చేశారో పట్వారీ అందులో రాసిపెట్టేవాడు. పాలపళ్లలో ముందుపన్ను పైభాగం, అంటే మనకు కనబడే కిరీటం, తల్లి కడుపులో నాలుగో నెల ప్రాంతంలో మొదలై బిడ్డ పుట్టిన కొన్ని నెలలకు పూర్తవుతుంది. ఆ తర్వాత ఆ పేజీ మూసేసినట్టే. ఎముక అట్లా కాదు. పాత కాల్షియం పోతూ కొత్తది చేరుతూ ఉంటుంది, రోజూ మ్యుటేషన్ జరిగే ఖాతా అది. ఆరేడేళ్లకు పన్ను ఊడేనాటికి వేరు కరిగిపోతుంది, కిరీటమే చేతికొస్తుంది. కాబట్టి 1958లో ఊడిన పన్ను చెప్పేది 1951–52 ముచ్చట.

ఇది తెలంగాణవాళ్లకు కొత్త కాదు. శాశ్వత పళ్ల ఎనామెల్ దాదాపు ఎనిమిదేళ్లలోపు తయారవుతుంది. ఆ వయసులో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూ పెరిగిన పిల్లల పళ్లమీద సుద్దరంగు మచ్చలు, గోధుమరంగు చారలు వస్తాయి. తర్వాత పట్నం వచ్చి ఎన్నేళ్లు మంచినీళ్లు తాగినా ఆ చార పోదు. అదే నీళ్లు ఎనిమిదేళ్లు దాటాక తాగడం మొదలుపెట్టినవాడి ముందుపళ్లు తెల్లగానే ఉంటాయి, దెబ్బ ఎముకల మీద పడుతుంది. పేజీ తెరిచి ఉన్నప్పుడు రాసిందే రాత.

ఇప్పుడు బాంబు దగ్గరికి. 1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. 6 మెగాటన్నుల దాకా అనుకున్నది 15 అయింది. ఇంధనంలో ఉన్న లిథియం-7 ఊరికే కూర్చుంటుందని వేసిన లెక్క తప్పింది. బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడి 23 మంది జబ్బుపడ్డారు, సెప్టెంబరులో ఒకరు చనిపోయారు. ఏప్రిల్ 2న పార్లమెంటులో నెహ్రూ పరీక్షలు నిలిపేయాలని కోరారు. ఆ పైకెగిరిన బూడిదలో స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. అది సగానికి తగ్గడానికి సుమారు 29 ఏళ్లు పడుతుంది. వానతో గడ్డిమీద, వరిమీద దిగుతుంది.

ఆవర్తన పట్టికలో రెండో గ్రూపును మన పిల్లలు జపంలా వల్లిస్తారు: బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం. ఒకే వరుసలో ఎందుకున్నాయని అడిగితే తల గోక్కుంటారు. ఇవన్నీ బయటి కక్ష్యలోని రెండు ఎలక్ట్రాన్లను వదులుకునే రకం. అందుకే స్ట్రాన్షియం పేరు కలిసిందన్న సాకుతో కాల్షియం సర్వే నంబరులో ఎక్కేస్తుంది. అయితే అయాన్ కాస్త పెద్దది, ఒళ్లు పూర్తిగా మోసపోదు. ఆవు తిన్న మేతలో కాల్షియానికి ఎంత స్ట్రాన్షియం ఉందో, పాలలో ఆ నిష్పత్తి దాదాపు పదోవంతుకు పడిపోతుంది. పట్వారీ పదిలో తొమ్మిది దొంగ ఎంట్రీలు కొట్టేశాడన్నమాట. మనకు సంబంధించిన మెలిక ఇక్కడుంది. కాల్షియం ఎక్కువగా పాల నుంచే తీసుకునే దేశాలకు ఆవు జల్లెడ పడుతుంది. అన్నం, ఆకుకూరల మీద బతికేవాళ్లకు ఆ జల్లెడ లేదు. వడ్లలో స్ట్రాన్షియం తవుడు పొరలో ఎక్కువ, పాలిష్ పట్టిన బియ్యంలో తక్కువ. అంటే ఎక్కడో పసిఫిక్‌లో బాంబు పేలితే దంపుడు బియ్యం తినేవాడికి ఎక్కువ వాటా!

దీన్ని కొలవాలని 1958లో హెర్మన్ కల్కర్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ప్రపంచమంతా పాలపళ్లు పోగుచేద్దామని ‘నేచర్’ పత్రికలో రాశారు. అదే ఏడు అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో బ్యారీ కామనర్ వంటి శాస్త్రవేత్తలు, మామూలు జనం కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు. పళ్ల సేకరణకు లూయీస్ రీస్ అనే వైద్యురాలు పెద్ద దిక్కు. పన్ను పంపిన పిల్లకు “నా పన్ను సైన్స్‌కు ఇచ్చాను” అని రాసిన బ్యాడ్జి. 1970 నాటికి సుమారు 3,20,000 పళ్లు వచ్చాయి. పన్నుతో పాటు ఒక కార్డు నింపాలి: పుట్టిన తేదీ, కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఎక్కడుంది, తల్లిపాలా డబ్బాపాలా. కార్డు లేని పన్ను ఊరిపేరు చిరిగిపోయిన పహాణీ కాగితం లాంటిది.

ఒక్క పన్నును కొలవలేమా? లెక్క వేసి చూద్దాం. కిరీటం 0.2 గ్రాములు అనుకోండి, అందులో మూడోవంతు కాల్షియం, అంటే 0.067 గ్రాములు. గ్రాము కాల్షియానికి 1 పికోక్యూరీ స్ట్రాన్షియం ఉందనుకుందాం. 1 పికోక్యూరీ అంటే నిమిషానికి 2.22 విఘటనాలు, అంటే అన్ని పరమాణువులు విడిపోవడం. పన్ను మొత్తానికి వచ్చేది నిమిషానికి 0.15, గంటకు తొమ్మిది! రేడియేషన్‌ను పసిగట్టే మామూలు గైగర్ గొట్టం బల్లమీద ఊరికే పెడితేనే నిమిషానికి పదుల టిక్కులు కొడుతుంది. జాతరలో చీమ అడుగుల చప్పుడు వినమన్నట్టే. ఒకే ఏడు పుట్టిన, ఒకే రకం పాలు తాగిన పిల్లల పళ్లు అరవై కలిపితే 4 గ్రాముల కాల్షియం, నిమిషానికి దాదాపు తొమ్మిది. సీసం గోడల మధ్య, బయటి కాస్మిక్ కిరణాలను గుర్తుపట్టి కొట్టేసే కౌంటర్ పెడితే ఇది దొరుకుతుంది.

అసలు అందం కెమిస్ట్రీలో ఉంది. పళ్లను కాల్చి బూడిద చేసి యాసిడ్‌లో కరిగిస్తారు. తూచిన మామూలు స్ట్రాన్షియం కొంత ముందే కలుపుతారు. చివర్లో అది ఎంత చేతికొచ్చిందో తూస్తే దారిలో ఎంత పోయిందో తెలుస్తుంది. పొగలుగక్కే గాఢ నైట్రిక్ ఆమ్లం పోస్తే స్ట్రాన్షియం నైట్రేట్ అడుక్కు దిగుతుంది, కాల్షియం ద్రావణంలో ఉండిపోతుంది. ఒక్కసారికి వదలదు, రెండు మూడుసార్లు చెయ్యాలి. అదే గ్రూపు చుట్టాలు బేరియం, రేడియం వెంటే దిగుతాయి, వాటిని క్రోమేట్ రూపంలో తీసెయ్యాలి. ఇంత చేశాక కూడా స్ట్రాన్షియం-90ని నేరుగా లెక్కపెట్టరు. దాని నుంచి దూసుకొచ్చే బీటా కణానికి (ఎలక్ట్రాన్‌కు) శక్తి తక్కువ, గరిష్ఠంగా 0.546 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. అది విఘటనం చెంది యిట్రియం-90 అవుతుంది. దాని బీటాకు 2.28. తండ్రి గుసగుస పెడితే కొడుకు కేకేస్తాడు. కాబట్టి సీసా మూసి రెండు వారాలు ఆగుతారు. యిట్రియం అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 64 గంటలే కనుక 14 రోజుల్లో 97 శాతం పైగా కొత్తగా పుట్టి కూర్చుంటుంది. అప్పుడు అమోనియా పోసి యిట్రియాన్ని విడదీసి లెక్కపెడతారు.

తప్పులు జరిగేది ఇక్కడే. అమోనియా సీసా మూత తీసి ఉంచితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది. అప్పుడు యిట్రియంతో పాటు స్ట్రాన్షియం కార్బనేట్‌గా దిగిపోతుంది, రెండు వారాల పని బూడిదపాలు. దొంగను పట్టడానికి ఒక ఉపాయముంది. అదే నమూనాను వారం తర్వాత మళ్లీ లెక్కపెట్టాలి. నిజంగా యిట్రియం-90 అయితే లెక్క ఆరోవంతుకు పడిపోవాలి. పడిపోలేదంటే ఇంకేదో కలిసింది, ఆ ఫలితం పారెయ్యాలి.

ఫలితాలు 1961 నవంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. ఆ తర్వాత చూస్తే 1950లో పుట్టిన పిల్లలకంటే 1963లో పుట్టినవాళ్ల పళ్లలో స్ట్రాన్షియం-90 సుమారు 50 రెట్లు. 1963 ఆగస్టు 5న మాస్కోలో గాలిలో, నీళ్లలో, అంతరిక్షంలో అణుపరీక్షలను నిషేధించే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. భారత్ కూడా ఆ నెలలోనే చేసింది. పళ్ల వల్లే ఒప్పందం వచ్చిందంటే అతిశయోక్తే, అంతకు ముందటి ఏడు క్యూబా క్షిపణుల గండం అందరినీ వణికించింది. అయితే ఏ తల్లి అడిగినా చూపించడానికి అంకె ఉండటం వేరు.

ఇప్పుడు పాఠకుడి ప్రశ్నకు వద్దాం. పై కథలో అందరికంటే ప్రమాదం ఎవరికి? నైట్రిక్ ఆమ్లం దగ్గర నిలబడ్డవాడికి. ఆ గోధుమరంగు పొగ నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు కాస్త దగ్గు, అంతే. కొన్ని గంటలు పోయాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కాంట్రాక్టు ల్యాబ్ అసిస్టెంట్ సాయంత్రం బాగానే ఇంటికి పోతాడు, అర్ధరాత్రి ఆయాసం. డ్యూటీ డాక్టరు అడిగితే ఏం పీల్చాడో చెప్పడానికి రసాయనం పేరు రాసిన చీటీ కూడా ఉండదు. పొగను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఉందిగా అంటారు. ముందు తెరిచిన చోట గాలి సెకనుకు 0.5 మీటరు వేగంతో లోపలికి పోవాలి. టిష్యూ కాగితం చీలిక పట్టుకుని చూస్తే మొదటి పరీక్ష అయినట్టే. వెనక చీలికలకు అడ్డంగా సీసాలు పేర్చి ఉంటాయి, అద్దం పైదాకా లేపి ఉంటుంది. ఇంకొకటి ఎవరికీ తట్టదు. కరెంటు రిపేరు చేసినప్పుడు త్రీఫేజు వైర్లలో రెండు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ ఉల్టా తిరిగినా కొంచెం గాలి లాగుతూనే ఉంటుంది! చప్పుడు వస్తుంది కనుక పనిచేస్తోందనే అనుకుంటారు. దీన్ని సరిచేయమని ఏడాది కాంట్రాక్టు మనిషి ఒక్కడే ఎన్నిసార్లు అడుగుతాడు?

సంఘాల చరిత్ర చప్పటిది, గబగబా దాటేద్దాం. 1918లో బ్రిటన్‌లో, 1946లో లండన్ వేదికగా ప్రపంచస్థాయిలో, 1947లో మన దేశంలో ఇవి పుట్టాయి. ప్రపంచ సమాఖ్యకు తొలి అధ్యక్షుడు ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ జోలియో-క్యూరీ, మన దేశపు సంఘానికి నెహ్రూ. పేరులో ‘శాస్త్రవేత్త’ అని కాక ‘శాస్త్ర కార్మికులు’ అని పెట్టుకోవడంలోనే విషయముంది. గాజు గొట్టాలు ఊదేవాడు, కౌంటర్ చూసే అమ్మాయి కూడా అందులో మనుషులే.

జీతం, శాంతి వేరువేరు డిమాండ్లనుకుంటారు. భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ రాట్‌బ్లాట్ 1944 చివర్లో అమెరికా అణుబాంబు పథకం నుంచి తప్పుకున్నారు, మనస్సాక్షి ఒప్పుకోక. నిజమే, అది ధైర్యం. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఆయన ఉద్యోగం ఉందన్నది కూడా నిజమే. జోలియో-క్యూరీకి నోబెల్ ఉండి కూడా 1950లో ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ అధిపతి పదవి ఊడింది. అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ 1958 జనవరిలో 9 వేల పైచిలుకు శాస్త్రవేత్తల సంతకాలతో పరీక్షలు ఆపమని ఐక్యరాజ్య సమితికి ఇచ్చారు. 1960లో అమెరికా సెనేట్ ఉపసంఘం, సంతకాలు పోగుచేసిందెవరో పేర్లివ్వమంది. ఆయన ఇవ్వలేదు. ఇస్తే ఆ కుర్రవాళ్ల మీద పడతారని ఆయన భయం. 1962 సంవత్సరపు శాంతి నోబెల్ ఆయనకు వచ్చినట్టు ప్రకటించింది 1963 అక్టోబరు 10న, పరీక్షల నిషేధం అమల్లోకి వచ్చిన రోజునే. దానికి సరిగ్గా నాలుగేళ్ల కిందట అదే తేదీన వరంగల్‌లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీకి (ఆర్‌ఈసీ, ఇప్పటి ఎన్‌ఐటీ) నెహ్రూ శంకుస్థాపన చేశారు. జాతకాలవాళ్లకు చెప్పకండి, కాకతాళీయమే.

ఆ ఆర్‌ఈసీలోనే గణితంలో పీహెచ్‌డీ చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో 1985 దాకా పాఠాలు చెప్పి, ఆ తర్వాత పూర్తిగా పౌరహక్కుల పనిలో ఉండిపోయిన బాలగోపాల్ గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అందరూ బాలగోపాల్ కాలేరు. సంఘం ఉండేది ఆ మిగతావాళ్ల కోసం.

ఉదాహరణకు పరిశోధక విద్యార్థులకు నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. 25 వేల నుంచి 31 వేలు కావడానికి 2019 జనవరిలో దేశమంతా పరిశోధక విద్యార్థులు రోడ్డెక్కాల్సి వచ్చింది. 37 వేలు అయింది 2023 జనవరి నుంచి, ఉత్తర్వు వచ్చింది జూన్‌లో. అంకె పెరిగినా నెలనెలా చేతికి రావడం వేరే సంగతి. విశ్వవిద్యాలయంలో ఒకరు హాజరు ఎక్కించాలి, మరొకరు ఆమోదించాలి. ఇద్దరిలో ఒకరు సెలవులో ఉంటే ఆ నెల బకాయిలోకి పోతుంది. అద్దె కట్టలేని పిల్ల తన గైడ్‌తో “ఈ ఫలితం తప్పు, యిట్రియం లెక్క వారానికి ఆరోవంతు కాలేదు” అని గట్టిగా చెప్పగలదా? యునెస్కో 1974లో చేసి 2017లో సవరించిన సిఫార్సులో, మనస్సాక్షి ఒప్పకపోతే పరిశోధకులు చివరికి ఒక ప్రాజెక్టు నుంచి తప్పుకోవచ్చని ఉంది. ఆమోదించిన దేశాలన్నీ మర్చిపోయిన వాక్యమిది. అక్కడే న్యాయమైన జీతం, పని పరిస్థితుల గురించి కూడా ఉంది. రెండూ ఒకే కాగితం మీద ఉండటం ఊరికే జరగలేదు.

సెయింట్ లూయిస్ పళ్లన్నీ అప్పట్లో కాల్చలేదు. అక్కడి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి ఊరి బయట పరిశోధనా కేంద్రం ఉంది, రెండో ప్రపంచయుద్ధంలో మందుగుండు దాచిన స్థలం. 2001లో అక్కడి పాత బంకరులో సుమారు 85 వేల పళ్లు బయటపడ్డాయి, కవర్లలో, పక్కన కార్డులతో సహా. ఆ పిల్లలు ఇప్పుడు డెబ్బైల్లోకి వస్తున్నారు. వాళ్లను వెతికి పట్టుకుని, పసితనంలో ఒంట్లో చేరిన సీసం వంటి లోహాలకూ ఈ వయసులో మతిమరుపుకూ సంబంధముందేమో అవే పళ్లలో చూస్తున్నారు.