గడ్డంలో నిప్పు ఎక్కడిది?

డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1889 సెప్టెంబరులో, ఫ్రాన్స్‌లోని సాం రెమీ మానసిక చికిత్సాలయంలో ఉన్న రోజుల్లో వేసుకున్న స్వీయచిత్రం ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అందులోని గడ్డం నిప్పులా మండుతున్నట్లు కనిపిస్తుంది. ఆ మంటలో కొంత గడ్డానిది కాదు, వెనకనున్న లేత నీలిపచ్చ రంగుది.

ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు చిన్న ముక్కలు కత్తిరించి, ఒకదాన్ని ముదురు నీలం మీద, మరొకదాన్ని నారింజ మీద పెట్టి, పైన పలుచని ట్రేసింగ్ కాగితం కప్పి చూడండి. నీలం మీది ముక్క కొంచెం పసుపు నారింజగా, నారింజ మీదిది నీలంగా తోస్తుంది. డ్రాయింగు తరగతుల్లో రంగుల చక్రాన్ని బట్టీ పట్టిస్తారే కానీ ఈ పరీక్ష చేయించరు.

కంటి వెనక తెర అయిన రెటీనాలో రంగులను పసిగట్టే మూడు రకాల శంకు కణాల నుంచి వచ్చే సంకేతాలను తరువాతి నాడీకణాలు ఉన్నవి ఉన్నట్లు పంపవు. ఎరుపుకు ఆకుపచ్చను, నీలానికి పసుపును ఎదురు నిలిపి, తేడాను పంపుతాయి. మెదడులో చూపును విశ్లేషించే పైపొర, అంటే దృష్టి వల్కలంలోని కొన్ని కణాలు ఆ తేడాను చుట్టుపక్కల చోట్ల తేడాతో మళ్ళీ పోలుస్తాయి. చుట్టూ నీలం పరుచుకుని ఉంటే మధ్యనున్న దాని లెక్కలోంచి ఆ నీలం కొంత తీసివేతకు గురవుతుంది. బూడిదరంగులో నీలం తగ్గితే మిగిలేది ఎదురు రంగు ఛాయ. మధ్యన ఉన్నదే నారింజ అయితే అది మరింత నారింజ అవుతుంది.

ఈ సంగతిని శాస్త్రంగా మలచినవాడు అద్దకపు పనిని పర్యవేక్షించిన రసాయనవేత్త షెవ్రోల్. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో నీలం పక్కన వాడిన నల్లదారం వెలిసినట్లుందని ఫిర్యాదు వస్తే, లోపం రంగులో లేదు, పొరుగులో ఉందని తేల్చి, 1839లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. వాన్ గో కూడా లక్కపూత పెట్టెలో రంగురంగుల ఉన్నిదారపు ఉండలు ఉంచుకుని, ఏ రంగు పక్కన ఏది నిలుస్తుందో చూసుకునేవాడు.

అందుకే, రంగులను ఇంత లెక్కగా ఎంచుకునేవాడి చిత్రంలో నేపథ్యపు సుడులను చూసి, కొందరు చేసినట్లు, పిచ్చిని నిర్ధారించడం నాకు చేతిరేఖలు చూసి జాతకం చెప్పడంలా అనిపిస్తుంది. జూలైలో వచ్చిన తీవ్రమైన జబ్బు తగ్గి, మళ్ళీ కుంచె పట్టగలిగాక వేసిన చిత్రమిది. కోటుకూ నేపథ్యానికీ దాదాపు ఒకే చల్లని రంగు, ఒకే మెలితిరిగే కుంచె గీత. ముఖం మాత్రం కదలక బిగుసుకుని ఉంది. కలవరం అంతా చుట్టూ తిరుగుతుండగా, చూపు నిలకడగా ఉంది.

ఆ చిత్రపు అచ్చుప్రతి దొరికితే కోటునూ నేపథ్యాన్నీ తెల్లకాగితంతో మూసి చూడండి. గడ్డం కాస్త చల్లారుతుంది.