బ్యారెల్ కాగితే తుపాకి ఆగుతుంది: మన ఎంఎంజీ వెనక కథ

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆర్మీ ర్యాలీ అనగానే చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు తెల్లారకముందే రోడ్డెక్కి పరుగులు తీస్తారు. వాళ్లను తికమక పెట్టే సంగతి ఒకటుంది. పుస్తకాల్లో ‘జనరల్ పర్పస్ మెషిన్ గన్’ అని ఉంటుంది; మన సైన్యంలో వినిపించేవి ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్), ఎంఎంజీ (మీడియం మెషిన్ గన్). మరి అదేది? మన ఎంఎంజీయే అది. బెల్జియం ఎఫ్‌ఎన్ సంస్థ 1950లలో రూపొందించిన 7.62 ఎంఎం (బ్యారెల్ లోపలి వెడల్పు) మ్యాగ్ మెషిన్ గన్‌ను లైసెన్సు మీద మన కర్మాగారాల్లో తయారుచేశారు.

గొడవంతా వేడితోనే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విక్కర్స్ గన్ బ్యారెల్ చుట్టూ దాన్ని చల్లబరచడానికి సుమారు 4 లీటర్ల నీళ్లుండేవి. గంటల తరబడి కాల్చేది, మోయడానికి మాత్రం ఒక జట్టే కావాలి. తేలికపాటి బ్రెన్ గన్‌ను ఒక్కడే మోసుకుపోతాడు, కానీ 30 తూటాలకోసారి మ్యాగజైను మార్చాలి. జర్మన్లు ఎంజీ 34తో ఈ రెండు పనులూ ఒకే తుపాకికి అప్పగించారు. బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీద దాడికి, ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) మీద దూరపు కాల్పులకు. తర్వాతి ఎంజీ 42 నిమిషానికి 1,200 తూటాలు కాల్చేది. మ్యాగ్ తూటాల బెల్టును లాక్కునే పద్ధతి దాన్నుంచి వచ్చిందే.

నీళ్లు లేనప్పుడు వేడికి విరుగుడు ఒక్కటే, బ్యారెల్ మార్చడం. మ్యాగ్ రకానికే చెందిన ఎం240కి అమెరికన్ సైన్యం లెక్క ఇది: నిమిషానికి 100 చొప్పున కాలిస్తే 10 నిమిషాలకోసారి, 200 చొప్పున అయితే 2 నిమిషాలకోసారి మార్చాలి. బోల్టు (తూటాను లోపలికి నెట్టే భాగం) వెనక్కి లాగి, సేఫ్టీ పెట్టి, కవర్ ఎత్తి బెల్టు తీసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని చూసుకుని, లాచ్ నొక్కి హ్యాండిల్ తిప్పి ముందుకు లాగితే వస్తుంది. హ్యాండిల్ బ్యారెల్‌కే ఉంటుంది కాబట్టి చెయ్యి కాలదు. అమెరికా తొలి ఎం60లో ఆ హ్యాండిల్ బ్యారెల్‌కు లేదు, పైగా బైపాడ్ బ్యారెల్‌కే అతికి ఉండేది. బ్యారెల్ తీస్తే కాళ్లూ పోయేవి. వేడి బ్యారెల్ పట్టుకునే గ్లౌజు పోతే పని ఆగేది. ఇది చిన్న తప్పు కాదు, ఎదురుకాల్పుల మధ్య ప్రాణాల మీదికొచ్చే తప్పు.

ట్రిగ్గర్ వదలగానే బోల్టు వెనకే నిలబడి చాంబర్ ఖాళీగా ఉండేది కూడా ఈ వేడి వల్లే. కాగిన చాంబర్‌లో తూటా ఉండిపోతే, పొయ్యి ఆర్పినా మూకుడులో ఆవాలు పేలినట్టు, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలుతుంది.

తూటా పేలినప్పటి గ్యాస్ బోల్టును వెనక్కి నెట్టే దారిలో మసి పేరుకుంటే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేసు (పేలిన తూటా తొడుగు) ఇరుక్కుంటుంది. రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ పెంచితే అప్పటికి నడుస్తుంది, కానీ భాగాలు త్వరగా అరుగుతాయి. విప్పి శుభ్రం చేయాల్సిందే.

ఎల్‌ఎంజీది వేరే దారి. 7.62కు మార్చిన బ్రెన్ తర్వాత 5.56 ఎంఎం ఇన్‌సాస్ ఎల్‌ఎంజీ వచ్చింది. 2020 మార్చిలో 16,479 నెగెవ్ ఎల్‌ఎంజీలకు ఇజ్రాయెల్ సంస్థతో ఒప్పందం కుదిరి, మళ్లీ 7.62కే వచ్చాం. దూరం, దెబ్బ రెండూ పెరుగుతాయి, బరువూ పెరుగుతుంది. 100 తూటాల బెల్టు దాదాపు 3 కిలోలు, దాన్ని మోసేది గన్నర్ పక్కనుండే నంబర్ 2.