రెండు టిల్లీల మధ్య ఒక సమ్మె

టిల్లీ నార్‌వుడ్ గొడవ చల్లారినట్టే చల్లారి మళ్లీ పైకొస్తోంది. టిల్లీ మనిషి కాదు, ఏఐతో చేసిన ‘నటి’. ఏజెన్సీలు ఆమె మీద ఆసక్తి చూపిస్తున్నాయని 2025 సెప్టెంబర్‌లో తయారీదారులు చెప్పగానే అమెరికా నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా మండిపడింది. ఆమె నటే కాదని ప్రకటన ఇచ్చింది. అవతలివాళ్లు ఇచ్చిన జవాబు: ఇది మనిషికి బదులు తెచ్చింది కాదు, ఒక కళాకృతి.

‘కళ’ అనే మాట అడ్డుపెట్టి కూలీ మాట దాటేయడం అమెరికా నాటక, సినిమా లోకంలో కొత్త కాదు. వందేళ్లకు పైనే అయింది, ఇంకో టిల్లీ ఈ మాట పడింది, తిరిగి జవాబూ చెప్పింది. ఆమె పేరు మేరీ డ్రెస్లర్.

కెనడాలో పుట్టి, పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి నాటక కంపెనీల వెంట తిరిగి, వాడెవిల్ (పాట, ఆట, హాస్యం కలగలిపిన వినోద ప్రదర్శన) స్టేజీల మీద భారీ ఒళ్లుతో, వంకర్లు తిప్పే ముఖంతో జనాన్ని నవ్వించిన కథ పెద్దదే, కానీ చాలామందికి తెలిసిందే. ఇక్కడ కావాల్సింది రెండు ముక్కలు. 1910లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఆమెకు బాగా పేరు తెచ్చిన పాత్ర టిల్లీ. బోర్డింగ్ హౌస్‌లో చాకిరీ చేసే పిల్ల. ఆ నాటకంలో ఆమె పాడి హిట్ చేసిన పాట కూడా పనిచేసుకుని బతికే ఆడపిల్లల మీదే. 1914లో టిల్లీ సినిమాకెక్కింది. అందులో మొదటి పేరు డ్రెస్లర్‌ది, చార్లీ చాప్లిన్ ఆమె తర్వాతే.

అసలు మలుపు 1919 ఆగస్టు. నన్నడిగితే ఆమె జీవితంలో ముందూ వెనకా జరిగినవన్నీ ఈ నెల దగ్గరికొచ్చి ముడిపడతాయి.

అప్పటి లెక్క ఇలా ఉండేది. నాటకం తయారయ్యేదాకా వారాల తరబడి రిహార్సల్, పైసా ఇవ్వరు. డ్యాన్సు బూట్లు, మేజోళ్లు కోరస్ అమ్మాయే, అంటే వెనక వరసలో గుంపుగా ఆడి పాడే పిల్లే, కొనుక్కోవాలి. పండగ రోజుల్లో అదనపు ఆటలు వేస్తే అదనపు డబ్బు ఉండదు. రెండు నెలలు ప్రాక్టీసు చేసిన నాటకం నాలుగు రోజులకు ఎత్తేస్తే చేతికొచ్చేది ఆ నాలుగు రోజుల జీతమే. సొంత ఊరికి దూరంగా ఆట ఆగిపోతే తిరుగు రైలు టికెట్ ఎవరిస్తారన్నది దేవుడికే తెలియాలి.

వాడెవిల్ నటులు అంతకుముందే కొట్లాడారు. 1900లో ‘వైట్ ర్యాట్స్’ అనే సంఘం పెట్టి, బుకింగ్ ఆఫీసుల కమిషన్‌కు వ్యతిరేకంగా 1901లో సమ్మె చేశారు. 1917 నాటికి ఆ సంఘం నడుం విరిగింది. సమ్మెలో ఉన్నవాళ్ల పేర్లు బ్లాక్‌లిస్టుకెక్కాయి. ఆ సంఘం మొదట్లో ఆడవాళ్లను చేర్చుకోలేదు. డ్రెస్లర్‌ను గుర్తు చేసుకున్నప్పుడల్లా ఆ సంగతి నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

1919 ఆగస్టు 7 రాత్రి న్యూయార్క్‌లో నాటక నటుల సంఘం యాక్టర్స్ ఈక్విటీ సభ్యులు స్టేజీ ఎక్కలేదు. టికెట్లు కొనుక్కుని వచ్చిన ప్రేక్షకులు వెనక్కి వెళ్లిపోయారు. నినాదం అర్థం: జీతం పెంచమనడం లేదు, న్యాయంగా ఉండమంటున్నాం. ఐదు రోజులకు, 12న, కోరస్ వాళ్ల కోసం విడిగా ‘కోరస్ ఈక్విటీ’ పుట్టింది. అధ్యక్షురాలిగా డ్రెస్లర్‌ను ఎన్నుకున్నారు. అప్పటికి ఆమెకు యాభై. పెద్ద స్టార్. మేజోళ్ల డబ్బులు ఆమెకు లెక్కలోవి కావు. కానీ ఒకప్పుడు తనూ కోరస్‌లో నిలబడి పాడిన మనిషే.

సమ్మె ఖర్చుల కోసం లెక్సింగ్టన్ అవెన్యూ ఒపేరా హౌస్‌లో నటులే ప్రదర్శనలు పెట్టుకున్నారు. నాటకాలు పెట్టించే మేనేజర్ల థియేటర్లు చీకటిగా ఉంటే ఇక్కడ జనం కిటకిటలాడారు. బ్యారిమోర్ల లాంటి పెద్ద నటులు వచ్చి ఆడిన ఆ హాల్లోనే డ్రెస్లర్ కోరస్ పిల్లల్ని తీసుకొచ్చి నిలబెట్టింది. ఎప్పుడూ వెనక వరసలో ఉండేవాళ్లు ఆ రాత్రి ముందుకొచ్చారు.

మేనేజర్ల వాదన కూడా చెప్పాలి. నటన కళ, కళాకారుడు ఇటుకలు మోసే కూలీతో కలిసి యూనియన్‌లో చేరడమేమిటన్నది వాళ్ల మాట. వాళ్ల పక్షాన గట్టిగా నిలబడ్డవాడు జార్జ్ ఎం. కోహన్, స్వయంగా నటుడు, నిర్మాత. పోటీ సంఘం పెట్టాడు. ఈక్విటీ గెలిస్తే నాటకాలు మానేసి లిఫ్టు నడుపుకుంటా అన్నాడు. లిఫ్టు నడపాలన్నా ముందు యూనియన్‌లో చేరాలని సమ్మె వాళ్లు గుర్తుచేశారు.

స్టేజీ వెనక పనివాళ్లు, బ్యాండు వాళ్లు కలిసొచ్చాక మేనేజర్లు నిలవలేకపోయారు. ముప్పై రోజుల్లో 37 నాటకాలు మూతపడ్డాయి, ఇంకో 16 మొదలే కాలేదు. సెప్టెంబర్ 6న రాజీ కుదిరింది. వారానికి ఎనిమిది ఆటలన్నది పరిమితి అయింది, ఉచిత రిహార్సల్‌కు నాలుగైదు వారాల హద్దు పడింది. కోరస్ వాళ్ల బూట్లు, మేజోళ్లు ఇక కంపెనీ ఖాతాలోకే.

ఆ తర్వాత డ్రెస్లర్‌కు పిలుపులు తగ్గాయి. సమ్మె కక్షతో మేనేజర్లు పక్కన పెట్టారని ఒక మాట. వయసు మీదపడింది, నవ్వుల ఫ్యాషన్ మారింది అని ఇంకో మాట. రెండోదీ కొంత నిజం కావచ్చు. కానీ 1917లో బ్లాక్‌లిస్టు రాసిన ఊరు 1919లో పెన్ను మూసి జేబులో పెట్టుకుందంటే నేను నమ్మను. పైగా జనం ఆమెను వద్దనలేదు. 1927లో రచయిత్రి ఫ్రాన్సెస్ మారియన్ పట్టుబట్టి ఎంజీఎం సినిమా స్టూడియోలో పాత్ర ఇప్పించింది. 1931 నవంబర్ 10న, అరవై మూడో పుట్టినరోజు మర్నాడు, ‘మిన్ అండ్ బిల్’కు ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది. 1932, 1933ల్లో హాలీవుడ్‌లో అందరికన్నా ఎక్కువ టికెట్లు తెంపించిన స్టార్ ఆమే. ఈ ముసలామె అదే మనిషి కదా, మధ్యలో పదేళ్లు ఎక్కడికి పోయింది?

1934 జులైలో ఆమె క్యాన్సర్‌తో చనిపోయింది. రిహార్సల్‌కు డబ్బులన్న మాట బ్రాడ్‌వేలో ఒప్పందంలోకి రావడం ఆ తర్వాతి సంగతి.

ఇక ఇప్పటి టిల్లీ. 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేశారు. అప్పుడు బాగా కాక పుట్టించిన వాటిలో ఒకటి గుంపులో నిలబడే ఎక్స్‌ట్రాల ఒళ్లు స్కాన్ చేసి దాచుకోవడం. చివరికి స్కాన్‌కు మనిషి ఒప్పుకోవాలనే షరతు వచ్చింది. మనిషి బదులు కృత్రిమ నటిని పెట్టాలంటే ముందు సంఘానికి నోటీసిచ్చి బేరం మాట్లాడాలనీ రాసుకున్నారు. టిల్లీ నార్‌వుడ్ విషయంలో సంఘం నిర్మాతలకు గుర్తుచేసింది ఆ నోటీసు సంగతే.