30 పీపీఎం తేడా

పొట్ట దశకు వచ్చిన వరిచేనులో, ఉదయం తొమ్మిది దాటి ఆకుల మీద మంచు తడి ఆరాక, ఎండ బాగా తగిలే పోటాకును ఒకదాన్ని ఎంచుకుని దాని నడిమి భాగాన్ని అరచేతిలో ఇమిడేంత గదిలో బిగిస్తారు. గట్టు మీద ఉన్న పెట్టె నుంచి సన్నని గొట్టం ఆ గదిలోకి గాలిని పంపుతుంటుంది. తెర మీద కిరణజన్య సంయోగక్రియ రేటు పేరుతో ఒక అంకె కదులుతూ కనిపిస్తుంది. థర్మామీటరు జ్వరాన్ని చూపినట్టే ఈ పరికరం ఆకు పనితనాన్ని నేరుగా చూపుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కొలిచేది గాలిని; ఆకు గురించి అది చెప్పే సంగతుల్లో ముఖ్యమైనవన్నీ లెక్క కట్టి తేల్చినవే.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరానికి చెందిన లై-కోర్ సంస్థ 1995లో తెచ్చిన ఎల్ఐ-6400, దాని తరువాత వచ్చిన ఎల్ఐ-6800 ఈ తరహా పరికరాల్లో పరిశోధన క్షేత్రాల్లో తరచూ కనిపించే నమూనాలు. కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కాంతిని బాగా పీల్చుకుంటుంది. నీటి ఆవిరికి వేరే తరంగదైర్ఘ్యాలు ఉన్నాయి. ఆకును చేరకముందు గాలిలో ఈ రెండూ ఎంతెంత ఉన్నాయో ఒక విశ్లేషకం, ఆకును తాకి వచ్చాక ఎంతెంత ఉన్నాయో మరొకటి చూస్తాయి. గాలి ప్రవాహాన్నీ ఆకు వైశాల్యాన్నీ ఆ తేడాకు జోడిస్తే రేటు వస్తుంది.

ఆ తేడా ఎంత చిన్నదో ఒకసారి లెక్క వేసి చూడవచ్చు. గదిలో 6 చదరపు సెంటీమీటర్ల ఆకు ఉందనీ, సెకనుకు 500 మైక్రోమోల్‌ల (మైక్రోమోల్ అంటే అణువుల లెక్కకు వాడే మోల్‌లో పది లక్షలో వంతు) గాలి పారుతోందనీ, ఆకు చదరపు మీటరుకు సెకనుకు 25 మైక్రోమోల్‌ల కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటోందనీ అనుకుందాం. అప్పుడు 400 పీపీఎంతో, అంటే పది లక్షల పాళ్లలో 400 పాళ్ల కార్బన్ డయాక్సైడ్‌తో, లోపలికి వెళ్లిన గాలి దాదాపు 370తో బయటికి వస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది: ఆకు అదే సమయంలో నీటి ఆవిరిని వదులుతుంది కనుక గాలి కాస్త పలచబడుతుంది, ఆ పలచబాటు వల్లనే మరో 2 పీపీఎం తగ్గినట్టు కనిపిస్తుంది. పరికరం దీన్ని తనంతట తానే సరిదిద్దుకుంటుంది గాని, ఆవిరి కొలత తప్పితే కార్బన్ లెక్కా తప్పుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే రెండు విశ్లేషకాలకూ ఒకే గాలిని చూపించి, వాటి మధ్య తేడాను సున్నా చేసే ‘మ్యాచ్’కు అంత ప్రాధాన్యం. రెండింటి మధ్య 1 పీపీఎం తేడా మిగిలిపోతే పై ఉదాహరణలో పొరపాటు 0.8 మైక్రోమోల్ దాకా వస్తుంది. 25లో అది లెక్కలోకి రాదు. కానీ నీడలో ఉండి 2 మైక్రోమోల్‌లతో సరిపెట్టుకుంటున్న అడుగు ఆకు విషయంలో అదే పొరపాటు 40 శాతం అవుతుంది. గది అంచున గాలి కారకుండా ఉండే మెత్తటి పట్టీ, అంటే గాస్కెట్, పాడైన చోట గాలి కారడం, మధ్య ఈనె పక్కన సందు మిగలడం కూడా ఇలాంటివే. ఇక గది దగ్గరికి వంగి ఊపిరి వదలడం కొత్తవారు తప్పక చేసే పని. మన నిశ్వాసంలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 40,000 పీపీఎం ఉంటుంది, పరికరం వెతుకుతున్నది 30.

వరి దగ్గర అందరూ బోల్తా పడేది వైశాల్యంలో. 1.2 సెంటీమీటర్ల వెడల్పున్న ఆకు, 3 సెంటీమీటర్ల పొడవున్న గదిలో 3.6 చదరపు సెంటీమీటర్లే ఆక్రమిస్తుంది. ఆ అంకెను నమోదు చేయకుండా, గది నిండా ఆకు ఉన్నట్టు 6ను అలాగే వదిలేస్తే, నిజంగా 25 ఉన్న రేటు తెర మీద 15గా కనిపిస్తుంది. చూస్తే అది కూడా నమ్మదగిన అంకెలాగే ఉంటుంది. ఆకు లోపలి గాలి ఖాళీల్లోని కార్బన్ డయాక్సైడ్ గాఢత మాత్రం ఈ పొరపాటుకు పెద్దగా మారదు, ఎందుకంటే వైశాల్యం దాని లెక్కలో పైనా కిందా ఉండి దాదాపు కొట్టుడుపోతుంది. నేనైతే తెర మీద ముందు చూసేది దాన్నే. బయట 400 పీపీఎం ఉన్నప్పుడు వరిలో అది 280 దరిదాపుల్లోనూ, మొక్కజొన్నలో 160 దరిదాపుల్లోనూ ఉండాలి. మంచి వెలుగులోనూ అది బయటి గాఢతను దాటినా, సున్నా కిందికి దిగినా తప్పు ఆకుది కాదు, గాలి ఎక్కడో కారుతోందనో మ్యాచ్ చెడిందనో అర్థం.

రికార్డు మీట ఎప్పుడు నొక్కాలన్నది వేరే ఓపిక. గదిలోని గాలి ఒకటి రెండు నిమిషాల్లో కుదురుకుంటుంది, పత్రరంధ్రాలకు అంత తొందర ఉండదు. నీడ నుంచి వెలుగులోకి వచ్చిన ఆకులో అవి పూర్తిగా తెరుచుకోవడానికి పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై పడుతుంది. రేటూ, రంధ్రాల వాహకత్వమూ (అవి ఆవిరిని ఎంత సులువుగా పోనిస్తున్నాయన్నది) రెండూ గ్రాఫ్‌లో బల్లపరుపుగా సాగేదాకా ఆగాలి. అలాగని మధ్యాహ్నం దాకా సాగదీయకూడదు: పొడిగాలికి రంధ్రాలు ముడుచుకుంటే ఉదయపు ఆకుకూ ఆ ఆకుకూ పోలిక కుదరదు. అందుకే ఒక రకాన్ని పొద్దున్నే, మరో రకాన్ని భోజనం వేళకు కొలవకుండా, మడుల మధ్య వంతులవారీగా తిరుగుతారు.

పని ముగిశాక గదిని బిగించి పెట్టెలో పెట్టరు; గాస్కెట్లు నొక్కుకుపోయి మరుసటి రోజు గాలి కారకుండా, కొద్దిగా తెరిచి ఉంచి పెడతారు.