చప్పట్లు ఆగాక గంట వినాలి

పటాన్‌చెరు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "బోరు నీళ్లు తేటగానే ఉన్నాయి, పైగా కాచి తాగుతున్నాం. ఇంకా నీళ్లలో ఔషధాలు కలిశాయన్న భయమేంటండీ?"

కాచితే చచ్చేవి క్రిములమ్మా. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మరిగే నీళ్లకు లొంగదు. తేటదనాన్ని నమ్ముకోవడం మనకు తాతల నాటి అలవాటు గానీ, లీటరుకు మైక్రోగ్రాముల్లో కరిగిన మందు కంటికీ నాలుకకూ అందదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన లెక్క చూడండి. మీ ఊళ్లోనే దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం వదిలిన నీటిలో అప్పట్లో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. పదహారు లీటర్లకు ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర! అది శుద్ధికేంద్రం వదిలిన నీరు, మీ బోరు కాదు. కానీ మీ నీళ్లలో ఉందో లేదో తెలిసేదెలా?

అందుకో సెన్సర్ ఉంది, దాని గుండెకాయ నాకు మహా ఇష్టమైన యూరోపియం అనే లోహం. ఎర్రగా, 615 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మెరుస్తుంది. అయితే తనంతట తాను కాంతిని పీల్చుకోవడంలో పరమ బద్ధకస్తురాలు. దాని 4ఎఫ్ అనే లోపలి పొర ఎలక్ట్రాన్ల గెంతులను క్వాంటమ్ నియమాలు దాదాపు నిషేధించాయి. టెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్ వచ్చి అతుక్కుంటే మాత్రం కథ మారుతుంది. ఆ అణువు అతినీలలోహిత కాంతిని తాగి, శక్తిని యూరోపియానికి అందిస్తుంది. మనం వెతికే మందే మెరుపు పుట్టిస్తుందన్నమాట. చుట్టూ ఉన్న నీటి అణువుల్లోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు ఆ శక్తిని లాగేసుకుంటాయి కాబట్టి, యూరోపియాన్ని నానోకణాల్లో కూర్చి కాస్త ఎడం చేస్తారు.

చెరువు నీళ్లలో కుళ్లిన ఆకుల పదార్థాలు కూడా మెరుస్తాయి, అదే చిక్కు. హారతి వేళ గుళ్లో చప్పట్లూ గంటా కలిసి మోగినట్టు. గంట ఒక్కటే వినాలంటే చప్పట్లను ఆపించక్కర్లేదు, అవి సద్దుమణిగేదాకా చెవులు మూసుకుంటే చాలు. ఆకుల మెరుపు నానోసెకన్లలో ఆరిపోతుంది. యూరోపియం మెరుపు పదుల, వందల మైక్రోసెకన్లు సాగుతుంది, మైక్రోసెకనంటే వెయ్యి నానోసెకన్లు. చప్పట్లు ఒక్క సెకను మోగాయనుకుంటే, గంట నాదం వేల సెకన్లు వినిపిస్తూనే ఉంటుంది! అందుకే పరికరం దీపాన్ని ఒక్కసారి మెరిపించి, కొన్ని మైక్రోసెకన్లు కన్ను మూసుకుని, అప్పుడు తెరుస్తుంది. తరగతుల్లో ఫ్లోరోసెన్స్ (పీల్చుకున్న కాంతితో మెరవడం) నిర్వచనం బట్టీ పట్టిస్తారు, ఎంతసేపు వెలుగుతుందో ఎవరూ అడగరు.

మురుగులోని ఫాస్ఫేట్లు యూరోపియాన్ని ముందే పట్టేసుకుంటే మెరుపు తగ్గి, మందు లేనట్టే కనిపించవచ్చు. మూసీలో ఆ బెడద ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్‌కైతే టెర్బియం అనే మరో లోహం వాడతారు, అది 545 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా మెరుస్తుంది. ఏ మందు ఎంతుందో కచ్చితంగా తేల్చాల్సింది ల్యాబ్‌లో అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరే. గట్టు మీద నింపిన సీసాల్లో ఏవి ముందు ల్యాబ్‌కు పంపాలో చెప్పేందుకు ఈ సెన్సర్ చాలు.