చెక్ ఫిల్హార్మోనిక్‌ని నడిపేది చెక్ మనిషే అయి ఉండాలా? ఈ పేచీ 1991 నాటిది

చెక్ కండక్టర్ యాకుబ్ హ్రూషా 2028 నుంచి చెక్ ఫిల్హార్మోనిక్‌కి చీఫ్ కండక్టర్ అవుతారన్న ప్రకటన వచ్చాక పాత ప్రశ్న మళ్లీ పైకి లేచింది: ప్రాగ్‌లోని ఈ ఆర్కెస్ట్రాని నడిపేది చెక్ మనిషే అయి ఉండాలా, ఎవరైతే ఏంటి? (కండక్టర్ అంటే బస్సులో టికెట్లు కొట్టేవాడు కాదని, వేదిక మీద నిలబడి చేతి సైగలతో వాద్యకారులందరినీ నడిపించేవాడని ఇంట్లో నాన్నకి చెప్పడానికే నాకు పదేళ్లు పట్టింది, అది వేరే కథ.)

1896లో చెక్ సంగీతకర్త ద్వోర్జాక్ స్వయంగా మొదటి కచేరీ నడిపించడం, పాతతరం చీఫ్ తాలిఖ్ కాలం, ఇవన్నీ ఈ సంగీతం వినేవాళ్లకి తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. మామూలుగా ఈ కథని 1948 నుంచి ఎత్తుకుంటారు. చెకొస్లొవేకియాలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్న కొద్ది నెలలకే అప్పటి చీఫ్ రఫాయెల్ కుబెలిక్ ఎడిన్‌బరోలో మోజార్ట్ ఒపేరా (సంగీత నాటకం) నడిపించడానికని వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. 1968లో సోవియట్ ట్యాంకులు దిగాక కరెల్ అంచెర్ల్ కూడా అంతే. ఆష్విట్జ్ నాజీ మృత్యుశిబిరంలో కుటుంబాన్ని పోగొట్టుకుని బతికొచ్చి, ఈ ఆర్కెస్ట్రాని 18 ఏళ్లు నిలబెట్టిన మనిషి టొరంటో వెళ్లిపోయి 1973లో అక్కడే కన్నుమూశారు. ఇవి పెద్ద గాయాలే, కాదనను. కానీ ఆ రెండుసార్లూ వెళ్లగొట్టింది రాజకీయం. 1991లో ట్యాంకుల్లేవు, పార్టీ ఆదేశాల్లేవు. ఆర్కెస్ట్రా వాళ్లే కూర్చుని ఓటేసి తమ సొంత మనిషిని పక్కనపెట్టారు. ఇప్పటి చర్చ అర్థం కావాలంటే చూడాల్సింది అక్కడే.

ఆ సొంత మనిషి యిర్జీ బ్యెలోహ్లావెక్. ప్రాగ్‌లోనే పుట్టారు, మొదట చెల్లో నేర్చుకున్నారు, కుర్రవాడిగా ఉన్నప్పుడు చెలిబిదాకె లాంటి పేరున్న కండక్టర్ దగ్గర పనిచేశారు, 1977 నుంచి 1989 దాకా ప్రాగ్ సింఫనీ అనే మరో ఆర్కెస్ట్రాని నడిపారు. రెండు దశాబ్దాలకు పైగా ఉన్న వాత్స్లావ్ నోయ్‌మన్ తర్వాత 1990లో ఫిల్హార్మోనిక్ బాధ్యత ఆయన చేతికొచ్చింది. అదే ఏడాది మే నెలలో కుబెలిక్ 42 ఏళ్ల తర్వాత స్వదేశానికి వచ్చి చెక్ సంగీతకర్త స్మెతనా 'మా వ్లాస్త్' (నా దేశం) నడిపించారు, అంటే ఊరంతా పండగ వాతావరణం. బ్యెలోహ్లావెక్ ఇంకా కుర్చీలో కుదురుకోనే లేదు, ఏడాది తిరిగేసరికి ఆర్కెస్ట్రా సభ్యులు జర్మన్ కండక్టర్ గెర్డ్ ఆల్బ్రెక్ట్‌ని తర్వాతి చీఫ్‌గా ఎన్నుకున్నారు.

వాద్యకారుల వైపు నుంచి చూస్తే, ప్రభుత్వం డబ్బు ఎంతకాలం వస్తుందో తెలియని రోజులు, బయటి దేశాల టూర్లూ రికార్డింగులూ తెచ్చిపెట్టేవాడు కావాలనుకున్నారు. ఆల్బ్రెక్ట్ కొత్త ముఖం కూడా కాదు, ఇదే ఆర్కెస్ట్రాతో ద్వోర్జాక్ ఒపేరా 'దిమిత్రి' రికార్డు చేసి ఉన్నారు. సరే. కానీ పొరుగింటి పుల్లకూర రుచి అని మనం ఊరికే అనుకోం కదా, అందులోనూ ఆ పొరుగిల్లు జర్మనీ, ఆ ఊరు ఆరేళ్లు నాజీల కింద నలిగిన ప్రాగ్.

తన తర్వాత ఎవరొస్తారో ఖరారైపోయాక ఆ వేదిక మీద రోజూ ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? బ్యెలోహ్లావెక్ 1992లో రాజీనామా చేసి బయటికొచ్చేశారు. అక్కడితో ఆగలేదు. 1994లో కుర్ర వాద్యకారుల్ని పోగుచేసి ఇప్పుడు ప్రాగ్ ఫిల్హార్మోనియా అంటున్న కొత్త ఆర్కెస్ట్రాని మొదలుపెట్టారు. 2006లో లండన్ వెళ్లి బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాకి చీఫ్ అయ్యారు, మరుసటి ఏడాది అక్కడ ఏటా జరిగే ప్రామ్స్ సంగీతోత్సవం చివరి రాత్రి కచేరీ నడిపించారు. ఇంగ్లిష్ మాతృభాష కాని మనిషి ఆ రాత్రి ఆ వేదికెక్కడం అదే మొదటిసారి. ఇంట్లో పనికిరాని పెరటి చెట్టు అక్కడ పనికొచ్చింది.

ఇక ఆల్బ్రెక్ట్ 1993లో వచ్చారు, హాంబర్గ్ ఒపేరా బాధ్యత కూడా చేతిలో ఉంచుకునే. గొడవలు ముదిరి, పత్రికలకెక్కి, రాజకీయ నాయకుల దాకా పాకి, 1996లో గడువు తీరకుండానే వెళ్లిపోయారు. తర్వాత ఆష్కెనాజీ, 1968లో దేశం విడిచి వెళ్లిన ఝ్దెన్యెక్ మాత్సల్, ఇన్బాల్, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, ఎవరూ ఎక్కువకాలం నిలవలేదు. చివరికి 2012లో మళ్లీ బ్యెలోహ్లావెక్‌నే తెచ్చుకున్నారు. 20 ఏళ్ల తర్వాత, ఆర్కెస్ట్రా కచేరీలు చేసే అదే రుడోల్ఫినుమ్ హాల్లోకి.

ఈ రెండో విడతలో వచ్చిన ద్వోర్జాక్ 'స్తాబాత్ మాతెర్' (గాయకులూ ఆర్కెస్ట్రా కలిసి చేసే క్రైస్తవ భక్తి సంగీతం) రికార్డు ఒక్కసారి వినండి. లుకాష్ వాసిలెక్ తయారుచేసిన ప్రాగ్ ఫిల్హార్మోనిక్ కోరస్ (గాయక బృందం) మొదట్లో ఎంత నెమ్మదిగా, దాదాపు ఊపిరిలా లోపలికొస్తుందో వింటే, తొంభైల్లో ఆ ఆర్కెస్ట్రా ఏం వదులుకుందో తెలుస్తుంది. అది విడుదలైన 2017లోనే, మే 31న, 71 ఏళ్ల వయసులో బ్యెలోహ్లావెక్ పోయారు.

2018లో సెమ్యోన్ బిచ్‌కోవ్ వచ్చారు. లెనిన్‌గ్రాడ్‌లో పుట్టి 1975లో సోవియట్ యూనియన్ వదిలేసిన మనిషి, 2022లో రష్యా యుక్రెయిన్ మీద పడ్డప్పుడు బాహాటంగా ఖండించారు. ఆయన హయాంలో ఆర్కెస్ట్రా ఎంత బాగుందో చెబుతూ విదేశీయుడైతే తప్పేంటని అడిగేవాళ్ల మాటలో న్యాయం ఉంది. 1991లో కూడా అసలు తప్పు విదేశీయుణ్ని తేవడం కాదు, కుర్చీలో ఇంకా కుదురుకోని మనిషి కాళ్ల కింద నేల లాగేయడం.

హ్రూషా ఎవరంటే, 1981లో బ్ర్నోలో పుట్టి, ప్రాగ్‌లో ఆ బ్యెలోహ్లావెక్ దగ్గరే నేర్చుకున్న శిష్యుడు. 2016లో జర్మనీలోని బాంబెర్గ్ సింఫనీకి చీఫ్ అయ్యారు. 1946లో ఆ ఆర్కెస్ట్రాని కట్టింది ఎవరో కాదు, యుద్ధం తర్వాత ప్రాగ్ నుంచి గెంటేయబడ్డ జర్మన్ వాద్యకారులు.